ఇంకో చెవితో తెరుచుకోని తాళం

మార్చి 2, సోమవారం

ఈ డైరీ మా తాళాల కంపెనీకి పోటీవాళ్లు కొత్త సంవత్సరానికి అందరికీ పంచిపెట్టింది. ప్రతి పేజీ అడుగునా "మాకు మేమే సాటి" అని అచ్చు వేసుకున్నారు. రెండు నెలలుగా సొరుగులో పడి ఉంది. వాళ్ల కాగితం మీద నా భయం రాసుకోవాల్సి వస్తుందని అనుకోలేదు. ఇది ఇంట్లో చెప్పుకునేది కాదు, కార్ఖానాలో అసలే కాదు. ఎక్కడా చెప్పకుండా మోసే ఓపిక కూడా నాకు లేదు.

పొద్దున తలుపులు తీయగానే గడియారాలు బాగుచేసే ఆయన వచ్చాడు. ఆయన కొట్టు పక్కనే టైలరమ్మ కొట్టు. ఇద్దరూ ఆరు నెలల క్రితం మా తాళాలే బిగించుకున్నారు.

"మేడం, మీకో వింత చెబుతా," అన్నాడు నవ్వుతూ. "మొన్న ఫోన్లో మాట్లాడుకుంటూ వచ్చి, మా కొట్టే అనుకుని పక్క తలుపుకు నా తాళం చెవి పెట్టాను. తిరిగింది! లోపలికెళ్లి చూస్తే గడియారాల్లేవు, అన్నీ జాకెట్లు. నేనూ టైలరమ్మా పొట్ట పట్టుకుని నవ్వాం."

నేనూ నవ్వాను. గట్టిగానే నవ్వాను. రెండు కొత్త తాళాలు చేతిలో పెట్టి, ఆయన ఊడదీసి తెచ్చిన పాతవి చెవులతో సహా తీసుకున్నాను. "ఇత్తడి కదండీ, ఒక్కోసారి అరుగుతుంది," అన్నాను. ఆయన సరేనని వెళ్లిపోయాడు.

అరుగుదలే. అంతే. ఆయన వెళ్లాక ఎందుకో పాత తాళాలు రెండూ సొరుగు అడుగున పెట్టాను.

మార్చి 3, మంగళవారం

అందరూ భోజనాలకు వెళ్లాక రెండు చెవులూ బల్ల మీద పెట్టి చూశాను. అరగలేదు. అంచులు ఇంకా వేలికి గీసుకుంటున్నాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుంటే, రెంటి మధ్యా వెంట్రుక పట్టే సందు కూడా లేదు. ఒక దాని మీద 212, ఇంకో దాని మీద 587 అని మా ముద్ర.

మామయ్య గాట్ల పుస్తకం తీశాను. మా ఆయన తండ్రి, ఈ కంపెనీ పెట్టినాయన, ముప్పై ఏళ్ల క్రితం తన చేత్తో రాసుకున్న పుస్తకం. ఒక్కో చెవికి ఐదు గాట్లు, ఒక్కో గాటుకు ఒకటి నుంచి ఆరు వరకూ లోతు. 212 దగ్గర 3-5-2-4-1 అని ఉంది. 587 దగ్గర 1-4-2-5-3 అని ఉంది. రెండూ వేరు. పుస్తకంలో వేరుగా ఉన్నవి బల్ల మీద ఒకటయ్యాయి.

ఎవరో పొరపాటున వేరే వరుస చూసి కోసి ఉంటారు. ఒక్కటే పొరపాటు. వెయ్యి తాళాల్లో ఒక్కటి. అంతే.

మార్చి 5, గురువారం

హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లాల్సిన పనేమీ లేదు, అయినా వెళ్లాను. ఆ గోడ చూడాలనిపించింది. గోడ నిండా తాళాలే. లెక్కపెడితే మాది కాక పంతొమ్మిది కంపెనీలు. ఒకటి పగలనిది, ఒకటి విరగనిది, ఒకటి లొంగనిది, ఇంకొకటి దొంగకు కూడా దయ్యం లాంటిదట. అన్నీ అరచెయ్యంత డబ్బాలు, అన్నిటి మీదా సింహమో డాలో కోటగోడో.

"ఏది మంచిదని అడిగితే ఏం చెబుతారు మీరు?" అన్నాను.

"ఏముందమ్మా, అన్నీ ఒకటే. డబ్బా రంగు నచ్చింది పట్టుకెళ్లమంటా," అన్నాడు కొట్టాయన.

రెండేళ్ల క్రితం కూడా ఆయన ఇదే మాట అన్నాడు. అప్పుడు నా పక్కన వదిన ఉంది. మా ఆయనకు అక్క, కంపెనీలో అమ్మకాలన్నీ తనే చూస్తుంది. ఆ మాట తనకు ఎక్కడో తగిలింది. మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి, "దొరికిందే! ఇంకో చెవితో తెరుచుకోదు. అదీ మన మాట. గట్టిదనం గురించి అందరూ అరుస్తున్నారు, చెవి గురించి ఒక్కడూ మాట్లాడటం లేదు," అంది.

నిజంగానే పేలింది ఆ మాట. ఉత్పత్తి మూడింతలైంది. పెద్ద మేస్త్రీ ఒక్కడి వల్ల కాక ఇంకో మేస్త్రీని తెచ్చుకున్నాం. ఆయనది పుర్రచెయ్యి. వదిన దాన్నీ వదల్లేదు. ఆయన ఎడమ చేతిలో ఆకురాయి ఉన్న ఫొటో తీయించి డబ్బాల మీద వేయించింది. "అందరి దగ్గరా కుడిచేతి మేస్త్రీలే, మన దగ్గర చూడు," అని ఎంత మురిసిపోయిందో.

జనవరిలో లేడీస్ హాస్టల్ ఆర్డరు వచ్చింది కూడా ఆ మాట వల్లే. నూట ఎనభై గదులు, అన్నీ ఆడపిల్లలు. వార్డెన్‌గారు రాతపూర్వకంగా కావాలన్నారు. ఇచ్చాం. "ఈ భవనంలో ఏ గది తాళమూ ఇంకో చెవితో తెరుచుకోదని హామీ ఇస్తున్నాము." కింద సంతకం నాది.

మార్చి 6, శుక్రవారం

ఈరోజు ఏమీ జరగలేదు. తాళాలు బాగానే ఉన్నాయి.

మార్చి 7, శనివారం

మా ఇంటి తలుపుకు కూడా మా తాళమే. మా పాప బడి నుంచి నాలుగింటికి వచ్చి ఒక్కతే తెరుచుకుని, నేను వచ్చేదాకా ఒక్కతే ఉంటుంది.

పదకొండింటికి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఇంటికి వచ్చాను. సంచీలో కార్ఖానా నుంచి తెచ్చిన ముప్పై చెవులు ఉన్నాయి. మా గుమ్మం ముందు నేనే నిలబడి, ఒక్కొక్కటే పెట్టి తిప్పాను. మెట్ల మీద ఎవరైనా దిగే చప్పుడైతే చెయ్యి సంచీలో దాచుకున్నాను. సొంతింటికి కన్నం వేసే దొంగను నేనొక్కదాన్నేనేమో. ఒక్కటీ తిరగలేదు. పద్దెనిమిదోది సగం దాకా తిరిగినట్టనిపించి బయటికి తీసి మళ్లీ పెట్టాను. తిరగలేదు.

ముప్పై అయ్యాక హాయిగా ఉండాలి కదా. మిగిలిన వెయ్యి గుర్తొచ్చాయి.

మార్చి 9, సోమవారం

తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

పొద్దున్నుంచి కార్ఖానాలో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చున్నాను. పుస్తకంలో బేసి పేజీలు పెద్ద మేస్త్రీవి, సరి పేజీలు పుర్రచేతి మేస్త్రీవి. ఒకరి వరుసలు ఇంకొకరు కోసే అవకాశమే లేకుండా ఈ ఏర్పాటు చేసింది నేనే. ఎంత తెలివో నాది.

పెద్ద మేస్త్రీ చెవి పిడిని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో ఆకురాయి ఆడిస్తాడు. పిడి ఎడమ పక్కన, మొన కుడి పక్కన. పుర్రచేతి మేస్త్రీకి అంతా తిరగబడి ఉంటుంది. పిడి కుడి పక్కన, మొన ఎడమ పక్కన. చూస్తుంటే అద్దంలో పెద్ద మేస్త్రీని చూస్తున్నట్టే ఉంది.

"గాట్లు ఎటునుంచి లెక్కపెడతారు?" అని అడిగాను.

"మొన నుంచి మేడం," అన్నాడు పుర్రచేతి మేస్త్రీ.

"అదేంటయ్యా, పిడి నుంచి కదా!" అన్నాడు పెద్ద మేస్త్రీ, పని ఆపి.

"మేడమే చెప్పారు కదా, మొదటి రోజు. పుస్తకం ముందు పెట్టి, ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ కోసెయ్యండి అన్నారు. నాకు ఎడమంటే మొనే."

అన్నాను. పుస్తకం చదివే పద్ధతి చెప్పాననుకున్నాను. చెవి కోసే పద్ధతి చెప్పానని ఇప్పుడు తెలిసింది. మా దగ్గర ముప్పై ఏళ్లలో పుర్రచేతి మనిషి లేడు కాబట్టి, పిడి నుంచి అని ఎవరూ ఎప్పుడూ చెప్పాల్సి రాలేదు. కోసిన చెవిని బట్టే తాళం అమరుస్తాం కాబట్టి, ఆయన ఒక్కడే అన్నీ కోసినా తప్పు లేదు. పెద్ద మేస్త్రీ ఒక్కడే కోసినా తప్పు లేదు. ఇద్దరూ ఒక పుస్తకంలోంచి కోశారు కాబట్టి, ఈయన 587ను తిరగేసి కోస్తే ఆయన 212 వచ్చింది.

"ఏమైనా తేడా వచ్చిందా మేడం?" అన్నాడు.

"ఏం లేదు. ఊరికే అడిగాను. ఇకనుంచి మాత్రం పిడి నుంచి కోయండి," అన్నాను. పెద్ద మేస్త్రీ నా మొహం వైపే చూస్తూ ఉండిపోయాడు.

మార్చి 10, మంగళవారం

హాస్టల్ జాబితా తీశాను. ఏ గదికి ఏ నంబరు చెవి ఇచ్చామో అందులో ఉంటుంది. సరి పేజీల గాట్ల వరుసలన్నీ తిరగేసి రాసి, బేసి పేజీల్లో వెతికాను. మధ్యాహ్నం రెండు దాటింది.

ఇరవై మూడు జతలు. అంటే నలభై ఆరు గదుల్లో పడుకునే ఆడపిల్లల తలుపులు ఇంకొకరి చెవితో తెరుచుకుంటాయి. కొన్ని జతలు భవనంలో ఆ చివరొకటి ఈ చివరొకటి. 64, 124 గదులు మాత్రం ఒకదాని మీద ఒకటి. అంతస్తుకు అరవై గదులు కదా. ఒక పిల్ల ఏదో ఆలోచిస్తూ ఒక అంతస్తు ముందే ఆగిపోయిందంటే, తన గదే అనుకుని తెరిచి లోపలికి వెళ్లిపోగలదు.

సాయంత్రం వదిన వాళ్లింటికెళ్లి, అక్కడుండే మామయ్యకు కాఫీ ఇస్తూ అడిగాను. ఆయన చేతులు వణుకుతాయని కార్ఖానాకు రావడం మానేసి నాలుగేళ్లయింది.

"మామయ్యా, రెండు తాళాలకు ఒకే చెవి పడితే?"

"పడితే పడుతుందమ్మాయ్. ఐదు గాట్లు, ఆరు లోతులు. ఎప్పుడో ఒకప్పుడు మొదటికి రావాల్సిందే కదా," అన్నారు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. "నేనెప్పుడైనా ఇంకోటి పడదని చెప్పి అమ్మానా? గట్టి తాళం అని అమ్మాను. అంతవరకే నాకు తెలుసు."

"బజార్లో పంతొమ్మిది కంపెనీలున్నాయి మామయ్యా. గట్టి తాళం అంటే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు."

"చూడరు. నలుగురిలో ఒకడిననిపించుకోడానికే నాకు ముప్పై ఏళ్లు పట్టింది. మీకేమో నలుగురూ ఒకవైపు, మేమొకవైపు అనిపించుకోవాలి, అదీ రెండేళ్లలో." అని గ్లాసు కింద పెట్టి, "ఏం జరిగింది?" అన్నారు.

ఏమీ లేదన్నాను. ఈ వారంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో.

మార్చి 11, బుధవారం

వదినకు చెప్పక తప్పలేదు. ఊరి మధ్యలో పెద్ద బోర్డు కోసం ఆ పుర్రచేతి ఫొటోనే పట్టుకొచ్చింది. నిలువెత్తు చెయ్యి, కింద మా మాట. దాన్ని చూడగానే నాకు ఏడుపొచ్చింది.

అంతా విని తను కంగారు పడలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

"ఇంకెవరికి తెలుసు?"

"పెద్ద మేస్త్రీకి అనుమానం వచ్చింది."

"ఆయన నోరు జారే మనిషి కాదులే. ఇటు చూడు. పెద్ద కంపెనీల తాళాలు కలవవనుకుంటున్నావా? కొన్ని వేలకు ఒకసారి చెవి తిరిగి వస్తుంది. వాళ్లు చాటింపు వేయించారా?"

"వాళ్లు కలవవని రాసివ్వలేదు వదినా. మనం రాసిచ్చాం."

"అందుకేగా చెప్పకూడదంటున్నాను! మనకున్నది ఆ ఒక్క మాటే. అది పోతే ఆ గోడ మీద మనం ఇరవయ్యో డబ్బా. పదకొండు మంది ఇక్కడ పనిచేస్తున్నారు, వాళ్ల పిల్లల్ని తలుచుకో." గొంతు తగ్గించింది. "ఉచిత సర్వీసింగ్ అని చెప్పి హాస్టల్‌కు వెళ్దాం. ఇరవై మూడు గదుల్లో తాళం లోపలి గొట్టం మార్చేసి, కొత్త చెవులు ఇచ్చేస్తే సరి. తప్పు దిద్దుకున్నట్టే కదా? అరిచి దిద్దుకోవాలని ఎక్కడుంది?"

అవును కదా. దిద్దుకున్నట్టే. పిల్లలు క్షేమంగా ఉంటారు, కంపెనీ కూడా నిలబడుతుంది. మంచి ఆలోచన. మంచి ఆలోచనే.

మార్చి 12, గురువారం

సోమవారం రమ్మన్నారు వార్డెన్‌గారు. ఇంకా నాలుగు రోజులు. ఫోన్ మోగితే చాలు, హాస్టల్ నంబరేమోనని చూస్తున్నాను.

మార్చి 13, శుక్రవారం

బస్సులో ఎవరో జేబులో చెవుల గుత్తి ఆడిస్తూ నిలబడ్డాడు. నా స్టాపుకు ముందే దిగిపోయాను. ఈరోజుకు హాస్టల్ నుంచి ఫోన్ రాలేదు.

మార్చి 16, సోమవారం

హాస్టల్‌లో పని అయిపోయింది. నేను, పెద్ద మేస్త్రీ వెళ్లాం. పిల్లలు కాలేజీలో ఉన్న వేళ. అనుమానం రాకుండా నలభై గదులు తెరిచి నూనె వేసి, వాటిలో ఇరవై మూడింటికి అరిగాయని చెప్పి గొట్టాలు మార్చి, కొత్త చెవులు ఆఫీసులో ఇచ్చాం.

వార్డెన్‌గారు ఆఫీసు గదిలో టీ ఇప్పించారు. గోడకు మా హామీపత్రం ఫ్రేము కట్టించి పెట్టారు. నా సంతకం నా కళ్లెదురుగానే ఉంది.

"అమ్మేశాక వెనక్కి తిరిగి చూసే కంపెనీ ఏదైనా ఉందా ఈ రోజుల్లో? మీరు వేరండీ," అన్నారు. నేను టీ వైపు చూశాను.

"మీ కాగితం మాకెంత పనికొచ్చిందో తెలుసా?" అని ఆవిడే చెప్పుకొచ్చారు. "పోయిన నెల 64లో ఒక అమ్మాయి గొలుసు పోయింది. వాళ్ల అమ్మమ్మదట పాపం. గదికి తాళం వేసింది వేసినట్టే ఉంది. రెండో చెవి ఉండేది మా ఆయా ఒక్కదాని దగ్గరే. పదకొండేళ్లుగా పనిచేస్తోంది, ఎవరు అనుమానిస్తారు? ఒట్లు పెట్టుకుంది, ఏడ్చింది. నాకూ మనసొప్పలేదు. కానీ ఆ కాగితం చూశాను. ఇంకో చెవితో తెరుచుకోదని మీరే రాసిచ్చారు కదా. ఇంకెవరు తీస్తారు? నిప్పు లేకుండా పొగ వస్తుందా? మానిపించేశాను."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. 64 పాత గొట్టం నా చేతిసంచీలోనే ఉంది. అరగంట ముందే మార్చాం. 124 చెవి కాలేజీలో ఎవరి బ్యాగులోనో తిరుగుతోంది.

"ఏమండీ, ఒంట్లో బాగోలేదా?" అన్నారు వార్డెన్‌గారు.

"ఎండ," అన్నాను.

మార్చి 17, మంగళవారం

ఇప్పుడు ఆ భవనంలో ఏ రెండు తలుపులూ కలవవు. నేను భయపడిందేదో అయిపోయింది. పిల్లలు క్షేమం.

ఆయా నిజంగానే తీసి ఉండొచ్చు కదా. చెవి ఆవిడ దగ్గర ఉంది. తీయలేదని నాకెలా తెలుసు? తెలియదు. నాకు తెలియని దాని గురించి నేనెందుకు మాట్లాడాలి? తాళాలు బాగానే ఉన్నాయి.

పై నాలుగు ముక్కలూ మళ్లీ చదివాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

మార్చి 18, బుధవారం

ఆవిడ వచ్చింది.

పదిన్నరకు. వదిన, నేను ముందు గదిలో ఉన్నాం. యాభై దాటిన మనిషి, ఉతికి ఆరేసిన చీర, చేతిలో ఖాళీ సంచీ. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి నిలబడింది. తాళం కొనడానికి అనుకున్నాను.

"హాస్టల్‌లో పనిచేసేదాన్నమ్మా," అంది. గుమ్మడికాయల దొంగ అనకముందే నా చెయ్యి భుజం మీదికి పోయింది. ఎందుకు వచ్చిందో, ఎవరు చెప్పారో, ఎంత తెలుసో. పోలీసులు కూడా వెనకాలే ఉన్నారేమోనని వీధిలోకి చూశాను. ఎవరూ లేరు.

ఆవిడ గొడవ పడటానికి రాలేదు. "ఒక్క మాట అడిగి వెళ్లిపోతానమ్మా. వార్డెనమ్మ మీ కాగితం చూపించింది. నాకు చదువు రాదు, చదివి వినిపించింది. అది నిజమేనా అని. మీ తాళం ఇంకో చెవితో నిజంగానే తెరుచుకోదా?"

అంతే అడిగింది. తయారుచేసేవాళ్లకు తెలుస్తుంది కదా అని, అంత దూరం నడిచి వచ్చింది. 

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. వదిన నా వైపు ఒక్క క్షణం చూసి, ఆవిడతో, "తెరుచుకోదు," అంది.

"ఒక్కసారి కూడానా అమ్మా?"

"ఒక్కసారి కూడా తెరుచుకోదు."

"సరేనమ్మా," అంది. చెప్పులు వేసుకుంటూ, ఎవరితోనో అన్నట్టు, "మా కోడలు పెట్టెకు తాళం వేసుకోవడం మొదలెట్టింది. అదీ మీ కంపెనీదే," అంది. వెళ్లిపోయింది.

వదిన ఆ తరువాత కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి ఆ వీధి మలుపు వైపే చూస్తూ ఉంది. "నాకేం సరదానా?" అంది చాలాసేపటికి. తెరుచుకోదని చెప్పింది తనే కావచ్చు, పక్కన నోరు మూసుకుని కూర్చుంది నేను.

మార్చి 19, గురువారం

వదిన దారి వెతికింది. నిన్నటి నుంచి తనకూ నిద్ర లేదని మొహం చూస్తే తెలుస్తోంది. "సరే, చెబుదాం. కానీ కంపెనీ తప్పు అని కాదు. కొత్త మేస్త్రీ తిరగేసి కోశాడు, పనిలోంచి తీసేశాం అని చెబుదాం. ఆయాకు న్యాయం జరుగుతుంది, మన మాటా కొంత నిలుస్తుంది," అంది.

అబద్ధం కాదది. తిరగేసి కోసింది ఆయనే. పావుగంట సేపు నేను ఆ మాట పట్టుకుని వేలాడాను, ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. ఒక పనిమనిషి పోయిన చోట ఒక పనివాణ్ణి పెట్టి, నేను మాత్రం ఇవతల ఉండటం. లోపలికి వెళ్లాను. పుర్రచేతి మేస్త్రీకి అప్పటికే తెలిసిపోయింది, పెద్ద మేస్త్రీ చెప్పేశాడు.

"నా పేరు చెప్పేయండి మేడం," అన్నాడు ఆయన, ఆకురాయి దులుపుతూ. "నాకు ఇంకో చోట పని దొరుకుతుంది. కాకపోతే ఒక్కటి. ఆ బొమ్మ మాత్రం తీసేయించండి. ఎక్కడికెళ్లినా నా చెయ్యి గుర్తుపడతారు."

పెద్ద మేస్త్రీ మాత్రం, "ఎటునుంచో ఆయన అడగలేదు, మీరు చెప్పలేదు, నేను చూసుకోలేదు. ముగ్గురం వెళ్దామా అమ్మా?" అన్నాడు.

వద్దన్నాను. సంతకం ఒక్కరిదే ఉంది.

రేపు వెళ్తాను. రాస్తే వెనక్కి తగ్గలేనని రాస్తున్నాను. రేపు వెళ్తాను. వార్డెన్‌గారికి ఫోన్ చేసి ఆయాను పిలిపించమన్నాను. ఎందుకన్నారు. తాళం గురించి అన్నాను. పెట్టేశాక చూస్తే ఫోన్ మీద నా చెమట.

మార్చి 20, శుక్రవారం

జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు. ముందు జరగబోయేది రాస్తాను.

నూట ఎనభై తాళాలూ ఊడదీసి పట్టుకుపొమ్మన్నారు వార్డెన్‌గారు. మిగతా హాస్టళ్లవాళ్లందరికీ చెబుతానన్నారు. చెప్పాలి కూడా. ఇన్నాళ్లలో ఎవరెవరికి అమ్మామో వాళ్లందరికీ నేనే కబురు చేయాలి. ఆ మాట డబ్బాల మీద నుంచి తీసేయాలి. మధ్యాహ్నం చూస్తే వదిన గోదాములో కూర్చుని డబ్బాల మీది బొమ్మల మీద తెల్ల కాగితం అంటిస్తోంది. పదకొండు మందికి వచ్చే నెల ఏం చెప్పాలో నాకు తెలియదు. ఉన్నది ఉన్నట్టు చెప్పే కంపెనీ అని ఎవరైనా మెచ్చుకుంటారేమోనని ఒక పిచ్చి ఆశ పుట్టింది. హార్డ్‌వేర్ కొట్టాయనకు చెబితే, "ఇరవయ్యో డబ్బా ఎందుకమ్మా, చోటు లేదు," అన్నాడు. భయం తగ్గలేదు. ఇదివరకు ఎవరికైనా తెలుస్తుందేమోనని ఉండేది, ఇప్పుడు రేపు పొద్దున గురించి.

ఇక జరిగింది.

64 గది ముందు నిలబడ్డాం. నేను, పెద్ద మేస్త్రీ, వార్డెన్‌గారు, ఆయా. వద్దన్నా మేస్త్రీ వచ్చాడు, గొట్టం బిగించడానికి ఎవరో ఒకరు కావాలి కదా అన్నాడు. నా సంచీలోని పాత గొట్టాన్ని తిరిగి తలుపుకు బిగించాడు. 124 పిల్లలను అడిగి వాళ్ల చెవి తెచ్చాను. పాపం, వాళ్లకేమీ అర్థం కాలేదు. తాళం వేసి, ఆ చెవి పెట్టి తిప్పాను. చప్పుడు కూడా రాలేదు. తలుపు దానంతట అదే లోపలికి జరిగింది.

వార్డెన్‌గారు నమ్మలేదు. తనే మళ్లీ తాళం వేసి, తనే తెరిచారు. మూడోసారి కూడా. "అయితే 124 వాళ్లా?" అన్నారు, వాళ్ల వైపు తిరిగి. ఇద్దరు పిల్లలూ గోడకు అతుక్కుపోయారు.

"కాదండీ," అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. "వాళ్లని చెప్పడానికి రాలేదు నేను. తీయగలిగింది ఒక్కరే అన్న మాట అబద్ధమని చెప్పడానికి వచ్చాను. ఆ అబద్ధం రాసింది నేను. మొన్న సర్వీసింగ్ అని వచ్చింది కూడా దీన్ని దాచడానికే." అప్పుడు మొత్తం చెప్పాను. ఎడమ నుంచి కుడికి అని చెప్పిన దగ్గర నుంచి, ముందుగదిలో నోరు మూసుకున్న దాకా.

వార్డెన్‌గారు నన్ను ఏమన్నారో రాయను. అన్నీ నాకు రావాల్సినవే. ఆయా వైపు తిరిగి, "రేపటి నుంచి రా," అన్నారు, మొహం చూడకుండా.

నేను ఆవిడ తిడుతుందని చూశాను. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆవిడ ముందుకు వచ్చి, నా చేతిలోంచి ఆ చెవి తీసుకుని, తనే తాళం వేసి, తనే తెరిచింది. తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

"ఆ కాగితం అంత గట్టిగా చెబుతుంటే, నేనే గొలుసు తీసి ఎక్కడో పెట్టి మరిచిపోయానేమో అనుకున్నానమ్మా," అంది. "ఇంట్లో డబ్బాలన్నీ నేల మీద ఒంపి వెతికాను. మూడుసార్లు వెతికాను."